నేలలోని సరకుకు పూచీ ఎవరిది?

మిర్చి యార్డులో బస్తా విప్పి చూడనిదే బేరం తెమలదు. కాయ రంగు, తొడిమ, తేమ, తాలు అన్నీ కంటితో చూసి, చేతితో విరిచి, ఆ తర్వాతే ధర పలుకుతారు. పసుపు కొమ్మును విరిచి చూస్తారు, ధాన్యాన్ని నోట వేసుకొని కొరుకుతారు. బంగారానికి గీటురాయి ఎప్పటినుంచో ఉన్నది, ఇప్పుడు హాల్‌మార్కు కూడా వచ్చింది. మన వర్తకం చాలావరకు మచ్చు మీద నడుస్తున్నది. మచ్చు ఒకటి, సరకు మరొకటి అయితే నిలదీయడానికి కమీషను ఏజెంటు ఉన్నాడు, అతని వెనుక మార్కెట్ కమిటీ ఉన్నది.

నేలలో ఉన్న సరకు సంగతి వేరు. వంద మీటర్ల లోతున పడివున్న ముడి ఖనిజాన్ని ఏ వర్తకుడూ గుప్పిట పట్టి చూడలేడు. అక్కడొకటి ఇక్కడొకటి బోరు దింపి పైకి తీసిన రాతి కడ్డీలు, వాటి పరీక్ష కాగితాలు, వాటిని బట్టి ఒక భూగర్భ శాస్త్రజ్ఞుడు కట్టిన లెక్క, వీటి మీదనే కోట్ల రూపాయల బేరాలు కుదురుతున్నాయి. ఆ లెక్క కింద సంతకం చేసిన మనిషి ఎవరు, అతడు తప్పు చెబితే అడిగేవారెవరు అన్న ప్రశ్న గని యజమానికంటే కొనుగోలుదారుకే ఎక్కువ అవసరం.

అమెరికా రాష్ట్రాలలో ఈ ప్రశ్న తరచు శాసనసభల గడప తొక్కుతున్నది. అక్కడి భూగర్భ శాస్త్రజ్ఞులు కొన్ని రాష్ట్రాలలో తమ వృత్తికి లైసెన్సు చట్టం కావాలని, మరికొన్నింటిలో ఉన్న చట్టాన్ని ఎత్తివేయవద్దని శాసనసభ్యులను కలుస్తున్నారు. ఇది వారి ఉద్యోగాల గొడవ, మనకెందుకని మన వర్తకులు అనుకోవచ్చు. అట్లా అనుకోవడం సరికాదని చెప్పడానికే ఈ వ్యాసం.

కొండ జారితే పుట్టిన చట్టం

అమెరికాలో వృత్తులకు లైసెన్సు ఇచ్చేది కేంద్రం కాదు, రాష్ట్రాలు. భూగర్భ శాస్త్రజ్ఞుల నమోదును మొదట 1956లో అరిజోనా చేపట్టింది. కాలిఫోర్నియా 1968లో చట్టం చేసింది. కాలిఫోర్నియాను కదిలించింది గనులు కావు, ఇళ్లు. లాస్ ఏంజెలిస్ కొండల మీద ఇళ్ల స్థలాలు వేసి అమ్ముతున్న రోజులవి. వానలకు కొండచరియలు విరిగిపడగా 1952లో ఆ నగరం నేల చదును పనులకు నిబంధనలు పెట్టింది. 1956లో దగ్గరలోని పోర్చుగీస్ బెండ్ అనే చోట ఏకంగా కొండవాలే కదలడం మొదలై వందకు పైగా ఇళ్లు పాడయ్యాయి. ఆ నేల నేటికీ పూర్తిగా నిలవలేదు. స్థలం అమ్మినవాడు, కొన్నవాడు, అప్పిచ్చిన బ్యాంకు ముగ్గురూ నష్టపోయాక, కింది రాయి సంగతి చెప్పే మనిషికి ఒక నంబరు, ఒక ముద్ర ఉండాలన్న మాట శాసనసభ్యుల చెవికెక్కింది.

అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రొఫెషనల్ జియాలజిస్ట్స్ అనే సంస్థ 1963లో ఏర్పడింది. పరిశోధనా పత్రాలకంటే వృత్తి ప్రయోజనం, నీతి నియమాలు దాని పని. రాష్ట్ర శాఖల ద్వారా శాసనసభ్యులకు నచ్చజెప్పడం అందులో భాగం. ఇప్పుడు 30కి పైగా రాష్ట్రాలలో లైసెన్సు ఉన్నది. న్యూయార్క్ వంటి పెద్ద రాష్ట్రం 2014లో గాని చట్టం చేయలేదు. అది అమలుకు వచ్చింది 2016లో. రాష్ట్రాల బోర్డులన్నీ కలిసి రెండు అంచెల పరీక్ష నడుపుతున్నాయి.

ఇందులో వింత ఒకటున్నది. అమెరికాలో బంగారం అన్నిటికంటే ఎక్కువ తీసే నెవాడాలో భూగర్భ శాస్త్రజ్ఞులకు లైసెన్సు లేదు. గనులకు పేరుపడ్డ కొలరాడోలోనూ లేదు. వృత్తి నిపుణుడంటే ఎవరో చట్టంలో నిర్వచించి అక్కడితో ఊరుకున్నారు. ఇళ్లు, తాగునీరు, వ్యర్థాల గుంటలు ఉన్నచోట లైసెన్సు వచ్చింది గాని, గనులు ఉన్నాయన్న కారణంతో రాలేదు. ఓటు వేసే ఇంటి యజమాని మాట శాసనసభ్యుడికి వినబడినంతగా గని వాటాదారు మాట వినబడదు కాబోలు.

టెక్సాస్ పోరు

శాసనసభ్యుల దగ్గర ఈ వృత్తి ఎదుర్కొన్న గట్టి పరీక్ష టెక్సాస్‌లో జరిగింది. అక్కడ 2001లో చట్టం చేసి బోర్డు పెట్టారు. తొమ్మిదిమంది సభ్యులలో ముగ్గురు వృత్తితో సంబంధం లేని సామాన్య ప్రజల ప్రతినిధులు. అయితే ఆ రాష్ట్రంలో 1977 నుంచి ఒక మంచి అలవాటున్నది. ప్రతి ప్రభుత్వ సంస్థకూ ఒక గడువు పెడతారు. ఆ గడువు నాటికి శాసనసభ తిరిగి ప్రాణం పోయకపోతే సంస్థ దానంతట అదే రద్దవుతుంది. పాత బాకీల మాదిరిగా పేరుకుపోయిన మన కార్పొరేషన్లను చూసినప్పుడు ఇటువంటి చట్టం మనకూ ఉంటే బాగుండునని అనిపించక మానదు.

భూశాస్త్రజ్ఞుల బోర్డు గడువు 2019లో వచ్చింది. సమీక్ష జరిపిన సిబ్బంది బోర్డును రద్దు చేయమని సిఫారసు చేశారు. ఈ లైసెన్సు లేకపోయినా ప్రజలకు పెద్ద ముప్పేమీ రాదన్నది వారి వాదన సారాంశం. శాస్త్రజ్ఞులు, వారిని పనికి పెట్టుకొనే సంస్థలు శాసనసభ మెట్లెక్కి తమ వాదన వినిపించారు. చివరకు శాసనసభ బోర్డును కొనసాగిస్తూ చట్టం చేసింది.

ఇందులో గెలుపోటములకంటే వర్తకులు గమనించవలసిన అంశం మరొకటున్నది. చమురు, సహజవాయువు, లోహ ఖనిజాల అన్వేషణ పనిని టెక్సాస్ చట్టం చాలావరకు మొదటినుంచే మినహాయించింది. పెట్రోలు బంకు కింద నేల పాడైందా లేదా అని చెప్పేవాడికి లైసెన్సు కావాలి. బావిలో ఎంత చమురున్నదో లెక్కకట్టేవాడికి అక్కరలేదు. చమురు కంపెనీలు ఇష్టపడని చట్టం టెక్సాస్‌లో గట్టెక్కదు మరి. ఇన్ని మినహాయింపులున్న లైసెన్సు ఎందుకని అడిగేవారికి అవకాశం ఇచ్చింది ఆ మినహాయింపులే.

లైసెన్సులను ఆక్షేపించేవారి మాట కొట్టిపారేయదగినది కాదు. ఏ వృత్తివారైనా ముందుగా ప్రజాక్షేమం పేరు చెప్పి, తర్వాత తలుపు గడియ వేసుకొని తమ రుసుము పెంచుకుంటారని ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1962లోనే గ్రంథం రాశాడు. దళారీ లైసెన్సులు, గోదాము లైసెన్సులు చూసిన మన వర్తకులకు ఆ మాట కొత్తగా బోధించనక్కరలేదు. కాగితం ఇచ్చేవాడికి లైసెన్సు పెడితే కాగితం ఖరీదు పెరుగుతుందన్నది నిజం. ఎంత పెరుగుతుంది, దానికి బదులుగా ఏమి దొరుకుతుంది అన్నదే లెక్క.

మచ్చు మాయ

దానికి బదులుగా ఏమి దొరుకుతుందో తెలుసుకోవాలంటే రెండు మోసాల సంగతి గుర్తు చేసుకోవాలి.

మొదటిది 1872 నాటిది. కొలరాడో వాయవ్య మూలన ఒక మారుమూల మెట్ట మీద ఇద్దరు మోసగాళ్లు కొని తెచ్చిన వజ్రాలు, కెంపులు చల్లి, గని దొరికిందని శాన్‌ఫ్రాన్సిస్కో ధనికులను నమ్మించారు. బ్యాంక్ ఆఫ్ కాలిఫోర్నియా అధిపతి రాల్‌స్టన్ అంతటివాడు డబ్బు పెట్టాడు. న్యూయార్క్‌లో పేరుమోసిన నగల వ్యాపారి టిఫనీ రాళ్లకు భారీ విలువ కట్టాడు. గని ఇంజనీరు ఒకరు వెళ్లి చూసివచ్చి బాగున్నదన్నాడు. ప్రభుత్వ సర్వేలో పనిచేస్తున్న క్లారెన్స్ కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు మాత్రం తన జట్టుతో అక్కడికి పోయి, ప్రకృతిలో ఒకచోట కలవని రాళ్లు అక్కడ కలిసి ఉండటం, మనుషులు కదిపిన మట్టిలోనే అవి దొరకడం చూసి గుట్టు రట్టు చేశాడు. కంపెనీ మూతపడింది. 1879లో అమెరికా భూగర్భ సర్వే ఏర్పడినప్పుడు కింగ్ దానికి తొలి డైరెక్టరయ్యాడు.

అదే కాలంలో కాలిఫోర్నియా శాసనసభ ఏమి చేసిందో కూడా చెప్పుకోవాలి. 1860లో తానే నెలకొల్పిన రాష్ట్ర భూగర్భ సర్వేకు 1874లో డబ్బు ఆపేసింది. సర్వే అధిపతి జోసయ్య విట్నీ బంగారం జాడ చెప్పకుండా ముందుగా శిలాజాల మీద సంపుటం వెలువరించాడన్నది సభ్యుల కోపాలలో ఒకటి. విట్నీ గొప్ప శాస్త్రజ్ఞుడే గాని, డబ్బు మంజూరు చేసేవారికి వారి భాషలో చెప్పడం ఆయనకు చేతకాలేదు. నేటి శాస్త్రజ్ఞులు శాసనసభల చుట్టూ తిరగడాన్ని ఎగతాళి చేసేవారు ఆ పాత కథ చదివితే మంచిది.

రెండవ మోసం మన వర్తకులలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. కెనడాలోని కాల్గరీకి చెందిన బ్రె-ఎక్స్ కంపెనీ ఇండొనేషియాలోని బుసాంగ్‌లో బంగారు నిక్షేపం కనుగొన్నామని ప్రకటించింది. లెక్క పెరిగి పెరిగి 1997 ప్రారంభానికి 7 కోట్ల ఔన్సులకు చేరింది. కంపెనీ వాటాల మొత్తం విలువ సుమారు 600 కోట్ల కెనడా డాలర్లదాకా పోయింది. మార్చిలో మరో కంపెనీ అదే చోట పక్కనే బోర్లు వేస్తే బంగారం తగలలేదు. అక్కడి భూగర్భ శాస్త్రజ్ఞుడు హెలికాప్టర్ నుంచి పడి మరణించాడు. మే నెలలో వచ్చిన స్వతంత్ర నివేదిక అసలు సంగతి బయటపెట్టింది. బయటి బంగారపు నలుసులు పొడిలో కలిపి పరీక్షకు పంపారన్న మాట.

ఈ మోసం సాగడానికి వీలిచ్చిన చిన్న సంగతిని వర్తకులు ప్రత్యేకించి గమనించాలి. బోరునుంచి వచ్చిన రాతి కడ్డీని నిలువునా చీల్చి, సగం పరీక్షకు పంపి, సగం పెట్టెలో భద్రపరచడం గనులలో ఆనవాయితీ. బుసాంగ్‌లో కడ్డీ మొత్తాన్ని పిండి చేసి పంపారు. తిరిగి పరీక్షిద్దామంటే మచ్చే లేదు. బేరమయ్యాక మచ్చు సంచి మాయమైతే యార్డులో మనం ఊరుకుంటామా? టొరంటో బజారులో పెన్షన్ నిధులతో సహా అందరూ ఊరుకున్నారు.

మోసం చేసినవారిలో భూగర్భ శాస్త్రజ్ఞులే ఉన్నారు కదా, లైసెన్సు ఉంటే ఏం ఒరిగేదని అడగవచ్చు. అడగవలసిందే. దొంగను లైసెన్సు ఆపదు. కంపెనీ ముఖ్య శాస్త్రజ్ఞుడిపై నడిచిన కేసును కూడా 2007లో కోర్టు కొట్టివేసింది. అయితే ఆ దెబ్బ తరువాత కెనడాలో రాష్ట్రాలవంటి ప్రొవిన్సులు మేల్కొన్నాయి. ఒంటారియో 2000లో, క్విబెక్ 2001లో ఈ వృత్తికి చట్టం చేశాయి. 2001లోనే కెనడా వాటాల బజారు నియంత్రణాధికారులు, గని లెక్కను అర్హుడైన వ్యక్తి తన పేరుతో సంతకం చేసి ఇవ్వాలని నిర్బంధించారు. కనీసం 5 ఏళ్ల అనుభవం, క్రమశిక్షణ చర్య తీసుకోగల వృత్తిసంస్థలో సభ్యత్వం, స్వయంగా గని చూసి రావడం ఆ నిబంధనలోని ముఖ్యాంశాలు. ఆస్ట్రేలియా అంతకు ముందే, 1969-70 నాటి పొసైడన్ నికెల్ వాటాల వెర్రి చల్లారాక ఆలోచన మొదలుపెట్టి, 1989లో నియమావళి తెచ్చింది. అమెరికా వాటాల నియంత్రణ సంఘం 2018లో గాని అటువంటి నిబంధన ఆమోదించలేదు. 2021 నుంచి అమలు చేసింది.

అక్కడికి వచ్చేసరికి శాసనసభ చేసిన పని, బజారు చేసిన పని ఒకచోట కలిశాయి. బజారు ఒక సంతకం కోరింది. ఆ సంతకానికి విలువ రావాలంటే సంతకం చేసినవాడి కాగితం లాక్కోగల బోర్డు ఒకటి ఉండాలి. అటువంటి బోర్డును శాసనసభే ఇవ్వగలదు.

మన గనుల సంగతి

ఇక మన దగ్గరకు వద్దాం. చార్టర్డ్ అకౌంటెంట్లకు 1949లో, న్యాయవాదులకు 1961లో, భవన శిల్పులకు 1972లో చట్టాలు వచ్చాయి. 1851లో మొదలైన భూగర్భ సర్వే ఉన్న ఈ దేశంలో భూగర్భ శాస్త్రజ్ఞుడి వృత్తికి నేటికీ అటువంటి చట్టం లేదు. పెద్ద గనులలో భూగర్భ శాస్త్రజ్ఞుడిని నియమించుకోవాలన్న నిబంధన ఉన్నది. అది కోరేది చదువు. తప్పు లెక్క ఇచ్చినవాడిని వృత్తినుంచి తొలగించే అధికారం ఎవరికీ లేదు. 2019లో కేంద్ర స్థాయిలో ఒక జాతీయ సంఘం అంతర్జాతీయ పద్ధతికి సరిపడే నియమావళి వెలువరించింది. దానికి పూనుకొన్న వారిలో హైదరాబాదు కేంద్రంగా ఉన్న మైనింగ్ ఇంజనీర్ల సంఘం ముఖ్యమైనది. సంతోషించవలసిన విషయమే. అయితే అది స్వచ్ఛందం, ఇష్టమైనవారు పాటిస్తారు.

వేలం పాటలు వచ్చాక ఈ లోటు బరువు పెరిగింది. 2015 నుంచి గనులను వేలంలోనే ఇస్తున్నారు. పాటదారు చేతిలో ఉండేది అన్వేషణ నివేదిక. దానిలో చెప్పిన టన్నులు, చెప్పిన శ్రేణి చూసుకొనే పాట పెంచుతాడు. 2020లో ఒడిశా ఇనుప గనుల వేలంలో కొన్ని పాటలు ఖనిజం విలువలో నూరు శాతం దాటిపోయాయి. గిట్టక గనిని వెనక్కి అప్పగించిన సందర్భాలూ తర్వాత వచ్చాయి. ఉత్సాహానికి మందు లేదు గాని, కాగితానికైనా పూచీ ఉండాలి కదా.

మంగంపేట ముగ్గురాయినే తీసుకోండి. చమురు బావుల తవ్వకంలో వాడే ఈ రాయికి సాపేక్ష సాంద్రతే ధర. 4.20 ఉన్నదా లేదా అన్నదాన్ని బట్టి కొనుగోలుదారు ముఖం మారుతుంది. 2010లో అమెరికా చమురు సంస్థ ప్రమాణాలలో 4.10 శ్రేణికి కూడా చోటు దొరికాక తక్కువ రకం రాయికీ గిరాకీ వచ్చింది. కుప్పపోసిన రాయిని ఎవరైనా తూచి చూడగలరు. పొరలో మిగిలిన రాయిలో ఏ శ్రేణి ఎంత ఉన్నదన్నది మాత్రం శాస్త్రజ్ఞుడి మాటే. మిల్లు పెట్టేవాడు, దీర్ఘకాల ఒప్పందం రాసుకొనే ఎగుమతిదారు ఆ మాట మీద ఆధారపడవలసిందే. చీమకుర్తి గెలాక్సీ రాయిలో అయితే ఇంకా కష్టం. రాయి ఉన్నదా అన్నది ప్రశ్న కాదు, పగులు లేని దిమ్మెలు ఎన్ని వస్తాయన్నది ప్రశ్న.

ముగ్గురాయిని 2015లో చిన్న ఖనిజాల జాబితాలో చేర్చి రాష్ట్రానికి వదిలారు. 2025 ఫిబ్రవరిలో ముగ్గురాయి, అభ్రకం, పలుగురాయి, ఫెల్‌స్పార్ నాలుగింటినీ తిరిగి పెద్ద ఖనిజాలుగా ప్రకటించారు. వీటితోపాటు లిథియం వంటి విలువైన ఖనిజాలు ఉండవచ్చన్నది కారణం. గూడూరు అభ్రకం వర్తకులు ఈ మాట విని చెవులు రిక్కించి ఉంటారు. పాత అభ్రకపు గుంటల కింద లిథియం ఉన్నదని రేపు ఎవరో ఒక నివేదిక పట్టుకొని వస్తారు. ఆ నివేదికను ఏ కొలతతో నమ్మాలి?

మరో చిత్రం చూడండి. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం బోరు యంత్రానికి రిజిస్ట్రేషన్ ఉండాలి. బోరు ఎక్కడ వేయాలో చెప్పే మనిషికి మాత్రం లైసెన్సు అక్కరలేదు. కొబ్బరికాయ పట్టుకొని తిరిగేవాడికీ, ఎమ్మెస్సీ చదివి యంత్రంతో కొలిచేవాడికీ చట్టం దృష్టిలో తేడా లేదు. అప్పుచేసి బోరు వేసిన రైతు నష్టం చివరకు ఎరువుల కొట్టు ఖాతాలో, ధాన్యం కమీషను కొట్టు ఖాతాలో రాని బాకీగా తేలుతున్నది.

ఇది ఢిల్లీ చూసుకోవలసిన విషయమని కొందరంటారు. రాజ్యాంగం ఏడవ షెడ్యూలులో ఉమ్మడి జాబితా 26వ అంశం చూస్తే న్యాయ, వైద్య, ఇతర వృత్తులు అని ఉన్నది. అంటే రాష్ట్ర శాసనసభ కూడా చట్టం చేయవచ్చు. పైగా 2024 జులైలో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఖనిజ హక్కులపై పన్ను వేసే అధికారం రాష్ట్రాలకు ఉన్నదని తీర్పు చెప్పింది. నేలలో ఎంత ఖనిజమున్నదన్న లెక్క రేపు పన్ను లెక్క కూడా కావచ్చు. అప్పుడు ఎక్కువ చెప్పినా చిక్కే, తక్కువ చెప్పినా చిక్కే.

మన భూగర్భ శాస్త్రజ్ఞులు అమరావతికో హైదరాబాదుకో పోయి శాసనసభ్యులను కలిసినప్పుడు ఉద్యోగ ఖాళీల జాబితా ఒక్కటే పట్టుకొని పోతే విట్నీకి దక్కిన గౌరవమే దక్కుతుంది. వాషింగ్టన్ రాష్ట్రంలో 2014 మార్చిలో ఓసో కొండచరియ విరిగిపడి 43 మంది చనిపోయాక, మరుసటి ఏడాదే అక్కడి శాసనసభ కొండవాలుల సర్వేకు చట్టం చేసింది. సభ్యులకు తమ నియోజకవర్గం పటం మీద కనబడితేనే అర్థమవుతుంది. గని, క్వారీ, బోరు ఉన్న ప్రతి నియోజకవర్గంలోనూ ఒక తప్పు లెక్క ఎవరికి ఎంత నష్టం తెచ్చిందో చూపగలిగేది వర్తకులే. కాబట్టి వారితో వర్తక సంఘాల ప్రతినిధి ఒకరు పోవాలి. కోరవలసిన బోర్డులో టెక్సాస్ మాదిరి మూడోవంతు బయటివారు ఉండాలని, అందులో ఖనిజం కొనేవారికి చోటివ్వాలని ముందే షరతు పెట్టుకోవాలి. లేకపోతే ఫ్రీడ్‌మన్ చెప్పినట్లు తలుపు గడియ పడుతుంది, తాళంచెవి లోపలివారి దగ్గర ఉంటుంది.

చట్టం వచ్చేదాకా ఆగనక్కరలేని పనులు కొన్ని ఉన్నాయి. గనితో దీర్ఘకాల ఒప్పందం రాసుకొనేటప్పుడు నిల్వల లెక్క ఇచ్చినవారి పూర్తి పేరు, చదువు, అనుభవం అడగండి. ఆ లెక్కకు డబ్బిచ్చింది ఎవరో, లెక్క కట్టినవారికి ఆ గనిలో వాటా ఉన్నదో లేదో రాతపూర్వకంగా తీసుకోండి. కడ్డీలలో సగం భద్రపరచి ఉంచాలని, కొనుగోలుదారు కోరినప్పుడు తన ఖర్చు మీద మరో ప్రయోగశాలకు పంపుకోవచ్చని ఒక నిబంధన చేర్పించండి. అమ్మకందారు ఈ నిబంధనకు ఒప్పుకోకపోతే, అడ్వాన్సు చెక్కు మీద సంతకం చేయకముందే ఆ సంగతి తెలిసిపోతుంది.